సర్కారు దగ్గరి పది వేళ్లు

పోయిన వారం మా అత్తమ్మ బోధన్ పోయి వచ్చింది. రెండోవాడు పుట్టి అప్పటికి ఇరవై రెండు రోజులు. నీళ్లు పోయడానికి నిజామాబాద్‌లో మనుషులు లేక కాదు. దొరికిన ఇద్దరినీ నేనే రెండేసి రోజులకు వద్దన్నాను. ఒకామె మెడ కింద చెయ్యి సరిగా పెట్టలేదు. ఇంకొకామె వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా పక్కింటి ముచ్చట ఆపలేదు. చివరికి అత్తమ్మే విసుగొచ్చి, "నీకు గా బోధన్ అవ్వనే కావాలె. పోయి తోలుకొస్త. నెల రోజులు ఈడనే ఉంటది" అని పొద్దున బస్సెక్కింది. సాయంత్రం ఒక్కతే దిగింది.

"అవ్వ పోయిందే" అన్నది, గడపలోనే నిలబడి. "రెండు నెలలాయెనట. ఎవరి పిల్లకో నీళ్లు పొయ్యాలె, పొద్దెక్కినా రాలేదని పోయి చూస్తే, పండుకున్నది పండుకున్నట్టే ఉన్నదట."

ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇట్లా చెప్పకుండా ఎలా పోతుంది అని. ఆమె ఏనాడూ అడగకుండా ఒక గడప దాటలేదు.

పిల్లలిద్దరూ ఇప్పుడే నిద్రపోయారు. చిన్నవాడి ముక్కు కొంచెం పట్టేసింది, రెండు వాక్యాలకొకసారి లేచి చూసి వచ్చి రాస్తున్నాను. ఆమె పేరు నేను ఒక్కసారే రాశాను, ఒక సర్కారు ఫారం మీద. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు నాకు తెలియదు. ఇక్కడా రాయను. అందరికీ అవ్వ, నాకూ అవ్వే.

ఆమెను మొదటిసారి చూసింది మా పెద్దది పుట్టినప్పుడు. అప్పుడు మావారు బోధన్‌లో చెరుకు ఫ్యాక్టరీలో కెమిస్టు. గానుగలు నడిచే కాలం. క్వార్టర్ల వెనక రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. గాలినిండా కాగిన మడ్డి వాసన, అన్నంలో కూడా అదే వాసన. పదకొండో రోజు పొద్దున ఒక పొడుగాటి మనిషి వచ్చి గడప బయట నిలబడ్డది. యాభై దాటి ఉంటాయి. నడుం వంగలేదు. చేతులు మాత్రం ఒంటికి సరిపోనంత పెద్దవి, కణుపులు తేలి, అచ్చం చెరుకు గడల్లా ఉన్నాయి.

"రావాల్నా?" అన్నది.

రమ్మని కబురు పెట్టింది అత్తమ్మే. అయినా అడిగింది. తర్వాత ఏడాదిన్నర పాటు రోజూ అడిగింది. "రా అవ్వా" అంటే తప్ప లోపల కాలు పెట్టేది కాదు. "కూసో" అంటే తప్ప కూర్చునేది కాదు. పక్కగదిలోంచి "అవ్వా" అని ఊరికే పిలిచినా, చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టి, చప్పున లేచి, చేతులు రెండూ పక్కలకు ఆనించి నిలబడేది. అది మర్యాద అనుకున్నాను. మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను, ఎంత వినయమున్న మనిషి దొరికిందో అని.

పిల్లను చేతుల్లోకి తీసుకొని ఆమె అన్న మొదటి మాట నాకు నచ్చలేదు.

"ఏమే ఖైదీ! తొమ్మిది నెలల సజ అయిపోయిందా? రిహా అయినవా?"

పుట్టడమంటే శిక్ష ముగిసి జైలు నుంచి విడుదల కావడమని ఆమె లెక్క. ఏ పసిపిల్లను పట్టుకున్నా ఇదే పలకరింపు. మా పెద్దది రోజూ విడుదలయ్యేది.

తర్వాత పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను మోకాళ్లకు దిగువ కాళ్ల మీద పడుకోబెట్టి మొదలుపెట్టేది. ఆముదం మాడుకు, నువ్వుల నూనె ఒంటికి. ఆ పెద్ద వేళ్లు పిల్ల వీపు మీద పాకుతుంటే నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అవి ఎక్కడా ఒక్క అదుము ఎక్కువ వేసేవి కావు. చెంబుతో నీళ్లు పిల్ల మీద కాదు, ముందు తన చేతి మీద పోసుకొని, చేతి మీంచి పిల్ల మీదికి జారనిచ్చేది. "నీళ్లు నా తోలు దాటిపోవాలె ముందు" అనేది. సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టేముందు పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పి లెక్కపెట్టేది. ఎడమ చేయి ఐదు, కుడి చేయి ఐదు. "పది ఉన్నయి. ఎవ్వలకియ్యకు" అని చెవిలో చెప్పి నా ఒళ్లో పెట్టేది. రోజూ అంతే.

వారం తిరక్కుండానే పక్క క్వార్టర్ ఆమె గోడ మీంచి పిలిచింది. ఆమె భర్త ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. అన్ని సంగతులూ ఆ గోడ మీంచే వచ్చేవి.

"పసిగుడ్డును ఎవరి చేతుల పెడుతున్నవో ఎరుకేనా నీకు? మనిషిని నరికి మూడేండ్లు జైల్ల ఉండొచ్చింది."

లోపలికి వచ్చి అత్తమ్మను అడిగాను, మీకు తెలుసా అని.

"ఎరుకే" అన్నది ఆమె, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "ఎరుకయ్యే పిలిచిన. చెయ్యి ఎట్ల ఆపుకోవాల్నో మందికన్న గామెకే ఎక్కువ తెలుసు."

ఆ మాట ఎంత మంచిదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు వినపడలేదు. మర్నాడు అవ్వ వచ్చి "రావాల్నా?" అంటే, నేను తలుపు దగ్గరే అడ్డంగా నిలబడి, "ఇయ్యాల వద్దవ్వా, పిల్లకు ఒళ్లు వెచ్చగున్నది" అన్నాను.

ఆమె నా భుజం మీంచి లోపలికి చూసింది. వాకిట్లో పొయ్యి మీద గుండిగలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి.

"ఒళ్లు కాలే పిల్లకు ఎవ్వలు నీళ్లు కాగబెట్టరు బిడ్డా" అన్నది. "నీకెవ్వలో సెప్పిండ్రు."

నేను తలుపు రెక్క పట్టుకొని కిందికి చూశాను.

"మంచిదే, సెప్పాల్సిందే. ఒకరు సెప్పేకన్న నేనే సెప్త. ఇను." గడప బయటే నిలబడి చెప్పింది, బండి పోయిన తోవ చెప్పినట్టు. భర్త పోయాడు. పిల్లల్లేరు. చందూర్ దిక్కు, నిజాంసాగర్ కాలువ కింద రెండెకరాల చెరుకు. చెరుకు కోసి తెమ్మని ఫ్యాక్టరీ చీటీ ఇస్తుంది. ఆ చీటీ వచ్చినప్పుడే కొట్టాలి, ఆలస్యమైతే గడ ఎండి బరువు పోతుంది. ఆమె చేనుకు వచ్చిన చీటీ బావ, అంటే భర్త అన్న, దాచిపెట్టాడు. దాని మీద తన చెరుకు పంపుకున్నాడు. వారం తర్వాత మనుషులను తెచ్చి ఆమె చేనులో కూడా కత్తి పెట్టించాడు. ఆమె పోయి అడ్డం నిలబడ్డది. ఆయన చెయ్యి చేసుకున్నాడు. ఆమె చేతిలో చెరుకు కొట్టే కత్తి ఉంది.

"నేను మెడకు ఏసిన. ఆయన సెయ్యి అడ్డం పెట్టిండు, బతికిండు. రెండు వేళ్లు తెగినయి. జడ్జి సాబ్ అడిగితె మెడకే ఏసిన అని సెప్పిన. మూడేండ్లు సజ ఏసిండు. ఆయనయి రెండు వోయినయి, నాయి పది వోయినయి. సెప్పిన గద, ఇగ నీ ఇష్టం. పొమ్మంటె పోత."

నాయి పది అంటే ఏమిటో అడిగే తెలివి ఆ పొద్దు లేదు. వెంటనే పిల్లను ఆమె చేతుల్లో పెట్టానని రాసుకుంటే బాగుండేది. పెట్టలేదు. ఆమె తలూపి వెళ్లిపోయింది. మూడు రోజులు నేనే పోశాను. పిల్ల చెవిలోకి నీళ్లు పోయాయి, నా చేతుల్లోంచి ఒకసారి జారబోయింది, అత్తమ్మ ఒక్క మాట అనకుండా చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు నేనే కబురంపాను. అవ్వ వచ్చి గడప బయట నిలబడ్డది.

"రావాల్నా?"

"రా అవ్వా."

"ఏమే ఖైదీ, మూడొద్దులు నీ తల్లి నీకు కొట్లాడ నేర్పిందా ఏంది? ఒళ్లంత బిగబట్టినవ్!"

అంతే. ఆ మూడు రోజుల గురించి మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం తలుపు పక్కన కూర్చుని చూడడం మానలేదు. ఆమెకు తెలుసు. "సూడు, సూడు. నేను గూడ మస్తు మందిని సూసుకుంట కూసున్నదాన్నే. జైలు లోపల గదే పని" అని నవ్వేది.

కత్తి మాత్రం మళ్లీ పట్టలేదు. కొబ్బరికాయ ఇస్తే రాతికేసి కొట్టేది. ఉల్లిగడ్డను పిడికిటితో గుద్ది విడదీసేది. ఒకసారి కూరగాయలు తరగమంటే బెండకాయలన్నీ చేత్తో తుంచి పెట్టింది, ఒకే కొలత, కత్తితో కోసినా అంత తీరుగా రావు.

ఇంకొకటి గుర్తుంది. ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. మా వీధి చివర బడిలో ఓట్లు. నేను చంకలో పిల్లతో వరసలో నిలబడ్డాను. బడి గేటు బయట చెట్టు నీడలో అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో ఒకరు, వీపు మీద ఒకరు, పక్కన గుడ్డ మీద ఇద్దరు పసివాళ్లు. ఓటు వేయడానికి వచ్చిన తల్లులందరూ పిల్లలను ఆమెకు ఇచ్చి లోపలికి పోతున్నారు. నేనూ ఇచ్చాను. తిరిగి వచ్చి పిల్లను తీసుకుంటూ, "నువ్వు వెయ్యవా అవ్వా?" అన్నాను.

"మాకేడిది బిడ్డా ఓటు? సజ పడ్డోళ్లకు ఏముంటది? భూమి మీద హక్కు లేదు, ఓటు లేదు, సాచ్చెం లేదు. నేను ఇట్ల ఓటేసేటోళ్ల పిల్లలను ఎత్తుకుంట. నాకు గింతే."

"భూమి ఏమైంది?"

"బావ దున్నుకుంటుండు. నేను బయటికొచ్చిన దినమే సెప్పిండు, జైలుకు పోయొచ్చినదానికి హక్కుండదని. ఉంటదా మరి?"

నేను కాలేజీలో బి.ఏ. చదివాను. పౌరుల హక్కుల మీద ఒక పేపరంతా రాసి ఫస్టు క్లాసు మార్కులు తెచ్చుకున్నాను. ఆ గేటు దగ్గర నిలబడి, అవును, ఉండకపోవచ్చు అనుకున్నాను. ఎండగా ఉందని పిల్లను కప్పుకొని ఇంటికి వచ్చేశాను.

అవ్వ ఉండేది కాలువ కట్ట మీద, తడకల గుడిసెలో. అక్కడ అట్లాంటివి ఇరవై ముప్పై ఉండేవి. ఆ ఎండాకాలం, కట్ట మీది గుడిసెలన్నీ తీసేస్తారని, ఉన్నవాళ్లకు ఊరి బయట ఇంటి జాగలు రాసిస్తారని చాటింపు వేశారు. ఒక బడి వరండాలో క్యాంపు పెట్టారు. ఫారం నింపి, వేలిముద్ర వేసి ఇచ్చినవాళ్లకు జాగ. ఇవ్వనివాళ్లకు గుడిసె పోతుంది, జాగ రాదు. గడువు పది రోజులు.

తొమ్మిదో రోజు అత్తమ్మ చెప్పేదాకా నాకు తెలియదు, అవ్వ ఫారమే తెచ్చుకోలేదని. అడిగితే, "నాకెందుకిస్తరు?" అన్నది. బుజ్జగించి, తిట్టి, చివరికి అత్తమ్మ పోయి ఫారం తెచ్చింది. నేను పిల్లను ఊయల్లో వేసి, పెన్ను తీసి కూర్చున్నాను.

"వయసెంత అవ్వా?"

"ప్లేగొచ్చి ఊరు ఊరంత సేన్లల్ల గుడిసెలేసుకున్న యేడు పుట్టిన."

అట్లా ఒక్కొక్కటే నింపుతూ వచ్చాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'దరఖాస్తుదారు ఎప్పుడైనా ఏదైనా నేరమునకు శిక్షింపబడినారా?' పైకి చదవలేదు. ఆమె మొహం చూడలేదు. అవునని రాస్తే కాగితం అక్కడే చించేస్తారని, ఆమె రోడ్డు మీద పడుతుందని నా భయం. 'లేదు' అని రాసి పదో ప్రశ్నకు పోయాను. జీవితంలో మొదటిసారి ఒకరికి నిజంగా పనికొచ్చే పని చేశానని కూడా అనుకున్నాను.

అడుగున వేలిముద్ర వేయాలి. సిరా పెట్టె జరిపాను. ఆమె రెండు చేతులూ చంకల కింద పెట్టుకుంది.

"నా వేళ్లు సెల్లయి బిడ్డా."

"చెల్లకపోవడమేంది?"

"సజ పడ్డనాడు పదింటికి సిరా రాసి, ఒక్కొక్కటే దొర్లిచ్చి అట్ట మీద తీసుకున్నరు. గవి సర్కార్ల జమైనయి. ఇచ్చేసినంక మల్ల నావెట్లయితయి? బావ గూడ గదే అన్నడు. నేను ఏలుముద్ర ఏసిన కాయితం సెల్లదు, పైకెల్లి ఇంకో కేసయితది."

ఆమె పోయినయి అన్న పది వేళ్లేవో అప్పుడు తెలిసింది. ఊయల దగ్గరికి పోయి, పిల్ల పిడికిలి విప్పి, ఎందుకో నేనూ లెక్కపెట్టాను. పదమూడేళ్లుగా ఆమె ఒక్క కాగితం మీదా వేలు పెట్టలేదు. రేషను కార్డు లేదు. ఆసుపత్రిలో చేరమంటే ఓపీ చీటీతోనే తిరిగింది. పిల్లలకు నీళ్లు పోసే పని ఎందుకు పట్టుకున్నదో అడిగాను. "గా పనికి ఏ కాయితం అక్కరలేదు" అన్నది.

ఎంత చెప్పినా వినలేదు. సరే, ఆఫీసరే చెప్తాడు రా అని, మర్నాడు పిల్లను ఎత్తుకొని ఆమెను వెంటబెట్టుకొని క్యాంపుకు పోయాను.

వరండా నిండా జనం. ఆఫీసరు నడివయసు మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని కాగితాలు చూస్తున్నాడు. చదవడం రానివాళ్లకు ఫారమంతా పైకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వేలిముద్ర తీసుకుంటున్నాడు. ఆ పద్ధతి ఉంటుందని నాకు తెలియదు. అంతలో మా వంతు వచ్చింది.

ఆయన పేరు చదివాడు, ఊరు చదివాడు. అవ్వ చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడి వింటోంది.

"తొమ్మిది. ఎప్పుడన్న సజ పడ్డదా? లేదు. పది..."

"ఆగు సార్" అన్నది అవ్వ. "పడ్డది."

వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి. వెనక నుంచి ఒకడు, కట్ట మీది గుడిసెల మనిషే, గొంతు తగ్గించి, "అవ్వా, ఊకో. లేదని రాసినంక లేదనే ఉండనియ్యి" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "నువ్వు ఊకోరా. లేదంటె గా మూడేండ్లు నేనేడికి వోయినట్టు? జాతరకు వోయిన్నా? శిస్తు కట్టినోడు కట్టలేదని రాయించుకుంటడా? పూర్తిగ కట్టిన నేను. ఒక్క దినం బాకీ లేదు." మళ్లీ ఆఫీసరు వైపు తిరిగి, "మూడేండ్లు సార్. బావను నరికిన. బతికిండు. రాసుకో" అన్నది.

"ఇది నింపిందెవరు?" ఆయన అడిగింది ఆమెనే, చూసింది మాత్రం నన్ను.

"నేనే" అన్నాను. "జాగ ఇవ్వరేమో అని..."

"చదువుకున్నవాళ్లే గిట్ల చేస్తే ఎట్లమ్మా? దీని మీద ఈమె వేలిముద్ర పడ్డదనుకోండి. రేపు ఎవడన్న ఒకడు అర్జీ పెడితే, సజ పడ్డందుకు కాదు, అబద్ధం రాసినందుకు పట్టా పోతది. మళ్ల కేసయితది. ఆమెకూ, రాసిచ్చిన మీకూ." పెన్ను మూత తీశాడు. "అసలు గీ తొమ్మిదో సవాలే ఈడ ఉండద్దు. నౌకరీల ఫారం చూసుకుంట గిది కొట్టిచ్చిండ్రు. సజ పడ్డోళ్లకు సర్కార్ నౌకరి కష్టం గాని, ఇంటి జాగకేం అడ్డం? సజ పడ్డోళ్లు ఇంట్ల ఉండక చెట్టెక్కుతరా?"

'లేదు' మీద గీత కొట్టి, పక్కన 'అవును' అని రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. "వెయ్యి అవ్వా."

"నా వేళ్లు జైల్ల..."

సగం వినగానే ఆయనకు అర్థమైంది. అంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటారు. "జైల్ల తీసుకున్నది నీ గుర్తు. మళ్ల దొరికితే గుర్తుపట్టనీకి. వేళ్లు నీయే. ఓటు గూడ వేస్తలేవా ఏంది?"

"ఏయద్దు గద సార్."

"లోపల ఉన్నన్ని దినాలే వెయ్యద్దు. బయటికొచ్చినంక ఎవరొద్దన్నరు? సర్పంచుకు నిలబడాల్నంటే కొన్నేండ్లు ఆగాలె. గది గూడ దాటిపోయింది నీకు. నిలబడు."

వరండాలో నవ్వులు లేచాయి. అవ్వ కూడా నవ్వింది. "నేను నిలబడితె ఎవ్వలేస్తరు సార్? నేను నీళ్లు వోసినోళ్లే ఎయ్యాలె. గాళ్లకింక పండ్లు రాలే."

బొటనవేలికి సిరా రాసుకుంది. కాగితం మీద పెట్టి చాలాసేపు తీయలేదు. ఆయన "చాలు, తియ్యి" అంటే తీసింది. అప్పుడడిగింది, సిరా వేలిని చూసుకుంటూనే.

"సార్, భూమి?"

"ఏ భూమి?"

చెప్పింది. ఆయన పెన్ను మూత పెట్టాడు. "హత్య చేసినోనికి, సచ్చినోని ఆస్తి రాదు. గదొక్కటే ఉన్నది కానూన్ల. నువ్వు నరికింది బావను, భూమి నీ మొగునిది. నిన్ను వద్దనేటోడు ఎవడూ లేకుండె. ఎన్నేండ్ల సంది ఆయన కబ్జల ఉన్నది?"

"నేను లోపలికి వోయిన కాడికెల్లి. పదారేండ్లు."

"పన్నెండేండ్లు ఒకడు తనదే అని దున్నుకుంటే, అడిగే గడువు దాటినట్టే అవ్వా. వకీలును అడిగి చూడు. నేనైతే ఆశ పెట్ట" అన్నాడు. తర్వాతి వాళ్లను పిలిచాడు.

దారిలో నేను తలెత్తలేదు. ఓట్ల నాడు ఆ గేటు దగ్గర ఆమె అడిగిన ప్రశ్నే, ఉంటదా మరి అని. పన్నెండేళ్లు అప్పటికే దాటాయి, అప్పుడు అడిగినా పోయిన భూమి రాదు. కానీ నేను ఆలోచించి చెప్పక ఊరుకున్నది లెక్క చూసుకొని కాదు. ఎండ అని.

సగం దూరం వచ్చాక అవ్వే మాట్లాడింది. "ఎందుకు గట్ల మొకం ఏలాడేసినవ్? కేసయితదని బుగులా?"

"నేను రాసింది తప్పవ్వా."

"తప్పే. కాని బుగులు వడకు. సజ ఏసినా నాలుగు దినాలు ఏస్తరు. లోపల యాడ పొద్దటెండ పడ్తదో నాకెరుకే, గాడ కూసో. పిల్లను నేను సూసుకుంట."

నడిరోడ్డు మీద ఇద్దరం నవ్వాం. చెరుకు బండి తోలేవాడొకడు తిరిగి చూశాడు.

అత్తమ్మ మావారిని పంపి ఒక వకీలును అడిగించింది. ఆఫీసరు చెప్పిందే ఆయనా చెప్పాడు. బావ తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ దాని గురించి ఒక్క తిట్టు తిట్టలేదు. నాకైతే తిడితే బాగుండుననిపించేది.

రెండు నెలలకు పట్టా వచ్చింది. పొద్దున నీళ్లు పోసే వేళకు తెచ్చింది, గుడ్డలో చుట్టి, కొంగులో కట్టి, పైన చెయ్యి అదిమిపెట్టి. "రావాల్నా?" అని వచ్చి, కూర్చోమనకముందే నా ముందర కూర్చుంది. అట్లా కూర్చోవడం అదే మొదటిసారి.

"సదువు. మొత్తం సదువు. ఏది ఇడిసిపెట్టకు."

చదివాను. పేరు. భర్త పేరు. ఎన్ని గజాలు. తూర్పున ఎవరిది, పడమట ఏ బాట. అమ్మరాదు, వారసులకు చెందును. ముద్ర, సంతకం.

"జైలు సంగతి?"

"లేదవ్వా."

"సరిగ సూడు. నాకు బాధ కాదు, ఉంటె సదువు."

"ఎక్కడా లేదు."

"ఎనక సూడు. ఎనక రాస్తరు."

తిప్పి చూపించాను. వెనక ఏమీ లేదు, ఉత్త తెల్లగా ఉంది. ఆమె కాగితం నా చేతుల్లోంచి తీసుకొని, రాసి ఉన్న వైపు కాదు, ఆ తెల్లటి వైపే మొహం దగ్గర పెట్టుకొని చూసింది. బొటనవేలితో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి తడిమింది.

"దీనికి బుగులువడి రెండెకరాలు ఇడిసిపెట్టిన బిడ్డా" అన్నది.

ఆమె కాగితాన్ని మడతల మీదే మడిచి, గుడ్డలో చుట్టి, కొంగు చివర ముడి వేసి, ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.

"పిల్లను తే. నీళ్లు సల్లారుతున్నయి."